వీధి నడుమ పడుగు

గంజి చల్లారుతోంది. ఇంకా ఒక్క మనిషీ రాలేదు.

సిద్దయ్య వీధి నడుమ నిలబడి ఉన్నాడు. ఎవరి గుమ్మం దిక్కూ చూడటం లేదు. తెల్లవారక ముందే కత్తెరకర్రలు తెచ్చి వీధి పొడుగునా వరుసగా నిలబెట్టాడు. గంగాళంలో జొన్నగంజి, గంజిలో పడుగు, మగ్గం మీద నిలువు పోగులయ్యే నూలు. నూలు గంజి తాగి బరువెక్కింది. ఇక దాన్ని తీసి, కర్రల మీద సాగదీసి, రెండు పక్కలా కుంచెలతో దువ్వాలి. దువ్వకుండా ఆరనిస్తే పోగుకు పోగు అంటుకుంటుంది. అంటుకున్న పడుగు మగ్గం ఎక్కదు.

సాలెవాడలో ఈ పనికి ఎవరినీ పిలవరు. వీధిలో కర్రలు నిలబడితే అదే పిలుపు. ఇంటికొకరు వచ్చి చెయ్యి వేస్తారు. ఒకడు సాగదీస్తాడు, ఒకడు కుంచె పడతాడు, ఆడవాళ్ళు తెగిన పోగులు అతుకుతారు. రేపు వాళ్ళ కర్రలు వీధిలోకి వస్తే వీళ్ళు పోతారు. బదులు పోవడమంటే అదే. సిద్దయ్యకు ఊహ తెలిసినప్పటి నుంచి ఏ ఇంటి పడుగూ మనుషులు లేక గంజిలో ఉండిపోలేదు.

నిన్న సాయంత్రం మార్కండేయుని గుడి ముందు కులపెద్ద గుర్వయ్య గట్టిగా ఏమీ అనలేదు. కౌన్సిలరు తన చెయ్యి దించేదాకా ఆ ఇంటికి ఎవరూ బదులు పోవద్దు అన్నాడు. అంతే. అందరూ లేచి తువ్వాళ్ళు దులుపుకుని ఇళ్ళకు పోయారు.

ఆ కౌన్సిలరు సిద్దయ్య కొడుకు వెంకటరాజం. ఈ వీధిలోంచి మోటారు రోడ్డు వేయాలన్న తీర్మానానికి నిన్ననే మునిసిపాలిటీలో చెయ్యి ఎత్తి వచ్చాడు.

పొద్దున నూలు గంజిలో వేస్తుంటే కోడలు సుగుణమ్మ వద్దన్నది. ఒక రెండు దినాలు ఆగుదాం మామా అన్నది. ముసలాయన వినలేదు. తన పడుగుకు రానివాడు ఈ వాడలో ఇంకా పుట్టలేదన్నట్టు కర్రలు భుజాన వేసుకుని బయటికి పోయాడు.

ఇప్పుడు ఆ కర్రల పక్కనే నిలబడి ఉన్నాడు.

వీధి ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటుంది. పొద్దున పూట తూర్పు వరస ఇళ్ళ నీడ వీధంతా పరుచుకుని ఉంటుంది. ఇళ్ళు రెండు పక్కలా కాపు కాస్తాయి కాబట్టి గాలి లేదు. గంజి మెల్లగా ఆరాలంటే ఆ నీడ కావాలి. పొద్దెక్కిన కొద్దీ నీడ తూర్పు గోడల కిందికి జరుగుతుంది. ఎండ పడమటి అరుగుల నుంచి ఒక్కొక్క జానెడు ముందుకు వస్తుంది. అది వీధి నడుమకు వచ్చేలోపల పని అయిపోవాలి.

ఎండ అప్పుడే పడమటి అరుగులు దిగింది.

*

వెంకటరాజం స్నానం చేసి తెల్ల అంగీ తొడుక్కుని గుమ్మంలోకి వచ్చాడు. ఆఫీసుకు పోవలసిన దినం. వీధి చూసి ఆగిపోయాడు.

మగ్గం చప్పుడు ఏ ఇంట్లోనూ లేదు. అందరూ అరుగుల మీద కూర్చుని ఉన్నారు. ఒకడు బీడీ తాగుతున్నాడు. ఒకడు గోడకు వీపు ఆనించి కాళ్ళు చాపుకున్నాడు. ఈ వేళప్పుడు సాలెవాళ్ళు ఊరికే కూర్చోవడం పండగనాడు కూడా ఉండదు. తాము రావటం లేదని కనపడటానికే కూర్చున్నారు.

సిద్దయ్య కొడుకుతో నిన్నటి నుంచి మాట్లాడటం లేదు. ఇప్పుడూ కోడలికే చెప్పాడు.

"సుగుణా, నీ మొగుణ్ణి పక్కకు జరగమను. రోడ్డుకు అడ్డం నిలబడ్డడు."

అరుగుల మీద ఎవరో నవ్వి, దగ్గుగా మార్చాడు.

వెంకటరాజం ఆ నవ్వు వినపడనట్టే తండ్రి దగ్గరికి పోయాడు. పోయి వాడవాళ్ళను పిలుచుకు వస్తానన్నాడు. ముసలాయన కర్రను ఒకసారి కదిపి చూసి, అది గట్టిగానే ఉన్నా మళ్ళీ కదిపాడు.

"పిలిస్తె వచ్చేది కూలి. మన ఇంటికి కూలోళ్లొస్తరట సుగుణా. తీర్మానం జేసుకొచ్చిండేమో."

సుగుణమ్మకు ఈ మాటలు ఇద్దరి నడుమ మోయడం అలవాటే. భర్త మొదటిసారి గెలిచినప్పటి నుంచీ, ముసలాయన అలిగినప్పుడల్లా మోస్తోంది.

మొదటి ఎన్నికలో అతన్ని ఈ వాడే మోసింది. నిచ్చెన గుర్తు. గెలిచిన మొదటి మీటింగుకు అతను వీధిబాయి నీళ్ళు కడవనిండా మోసుకుపోయి, మెంబర్లందరి ముందు గ్లాసులు పెట్టి, తాగండి అన్నాడు. ఇద్దరు నోట పోసుకుని ఉమ్మేశారు. చైర్మన్ ముట్టలేదు. మీటింగు అయ్యేదాకా గ్లాసు ఆయన ముందే ఉంది. ఆ కథ మోత్కూరు సంతలో కూడా చెప్పుకున్నారు. ఆ నీళ్ళు తాగే మా అమ్మ నడుము వంగింది, వాడలో సగం మంది మోకాళ్ళు సాగవు అని అతను ప్రతి సభలో చెప్పేవాడు. దవాఖానలో డాక్టరు నీళ్ళ రోగమే అన్నాడు. మందు లేదు, వేరే నీళ్ళు తాగండి అన్నాడు.

రెండోసారి ఇంకా ఎక్కువ ఓట్లతో గెలిచాడు. గెలిచిన తరువాత, ఒక్క చెయ్యి తక్కువై చైర్మన్ కుర్చీ ఊగుతున్న నాడు, పోయి ఆయన దిక్కు కూర్చున్నాడు. తెల్లారేసరికి మునిసిపాలిటీ గోడ మీద బొగ్గుతో రాసి ఉంది, గోడ దుంకిన రాజం అని. తుడవబోయిన జమాదారును అతనే ఆపాడు. వాడకు నీళ్ళు వచ్చిన నాడు రాసినవాళ్ళే వచ్చి తుడుస్తారని చెప్పాడు. ఆ రాత ఇంకా ఉంది. వానలకు కొంచెం వెలిసింది.

అదే ఎండాకాలం ఇంటికి బెంగుళూరు పెంకులు వేశారు. సుగుణమ్మ అన్న హుజూర్‌నగర్ నుంచి బండి మీద తెచ్చి ఇచ్చిన పెంకులు అవి. చైర్మన్ పెంకులు అన్నది వాడ. ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. పెంకుల మీద కాకి వాలినా చప్పుడు ఆమెకు వినపడేది.

రోడ్డు వస్తేనే పైపు వస్తుంది అన్నాడు చైర్మన్. మోటారుస్టాండు నుంచి వడ్ల గిర్నీ దాకా రోడ్డు, రోడ్డు కింద పైపు. మా వాడలో నల్లాలు పెడతారా అని వెంకటరాజం అడిగాడు. చైర్మన్ నవ్వి, పైపు మీ ఇంటి ముందు నుంచి పోతుంటే నీళ్ళు రావా రాజం అన్నాడు. ఆ జవాబులో అవునూ లేదు, కాదూ లేదు. అతను దాన్ని ఇంటికి తెచ్చి భార్యకు ఒక్కదానికే చెప్పాడు. ఆయన నవ్విండా అని మాత్రం అడిగింది ఆమె.

*

"గంజి గడ్డ కడుతాంది."

సిద్దయ్య భార్య ఉప్పలమ్మ లోపలి నుంచి వచ్చింది. ఆమె ముఖం నేల దిక్కు ఉంటుంది. నడిస్తే ఎదుటి మనుషుల పాదాలే కనపడతాయి. పాదాలను బట్టే మనుషులను పోల్చుకుంటుంది. కొడుకు కొత్త చెప్పులు చూసి ఆగింది.

వెంకటరాజం తల్లిని లోపలికి పొమ్మన్నాడు. బరువు పని ఆమె చేయవద్దన్నాడు. ఇదంతా నీకోసమే కదా అన్నాడు. నోరుజారి అన్న మాట కాదు, వందసార్లు సభల్లో అన్నదే.

ఆమె చెంబుతో గంజి కలిపింది.

"నా నడుము జూపిచ్చి ఓట్లడిగినవ్. మోటరుస్టాండు కాడ, గంజిబజార్ల, నేను గానని జాగలల్ల గుడ నా నడుము జెప్పినవ్. నన్ను ఒక్కనాడన్న అడిగినవా రాజం?"

"ఏమడగాలమ్మా?"

ఆమె చెంబు గంగాళంలో వదిలి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

సిద్దయ్య ముక్కుపొడి తీసి, పీల్చకుండానే మళ్ళీ మొలలో దోపుకున్నాడు. ఈ నూలు చేనేత సంఘం ఇచ్చినది. పాడుచేస్తే సంఘం మళ్ళీ ఈ ఇంటికి నూలు ఇవ్వదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. 

వెంకటరాజం వీధి దాటి ఎదురింటికి పోయాడు.

*

ఎదురిల్లు మల్లయ్యది. వెంకటరాజం చెల్లెలు గోవిందమ్మను అతనికే ఇచ్చారు. రెండు ఎన్నికల్లోనూ ఇల్లిల్లూ తిరిగి ఓట్లు అడిగింది మల్లయ్యే. గెలిచిన నాడు బావను భుజాల మీద ఎక్కించుకుని గుడి చుట్టూ తిప్పింది కూడా అతనే.

"కూసో బావా," అన్నాడు మల్లయ్య. అరుగు మీద జాగా కూడా చేశాడు.

వెంకటరాజం కూర్చోలేదు. కాళ్ళు మొక్కమంటావా అని అడిగాడు.

"నా కాళ్లెందుకు. నీ చెయ్యి దించు. నిన్న లేపిన చెయ్యి."

"దించితె నీళ్లు పోతయి."

"ఎన్నడొచ్చినయని పోనీకె?"

వెంకటరాజం పడుగుల కోసం ఊరవతల బర్రెల కుంట పక్కన జాగా ఇప్పిస్తానని, చైర్మన్ ఒప్పుకున్నాడని చెప్పాడు. మల్లయ్య తల ఊపుతూ విన్నాడు. విని, పక్క అరుగు మీద ఉన్నవాళ్ళకు వినపడేటట్టు అన్నాడు.

"ఆడ గాలిని ఆపిపిస్తవా బావా? పొద్దుగాల నీడ తెప్పిస్తవా? గది గుడ ఒక తీర్మానం జేపియ్యరాదు, చేతులెత్తేటోళ్లు ఉన్నరు గద."

ఈసారి దగ్గు లేదు. నవ్వే వినపడింది.

గోవిందమ్మ తలుపు చాటు నుంచి ఒక చెంబు నీళ్ళు గడప మీద పెట్టింది. అన్న ముఖం చూడలేదు. అతను వంగి తీసుకుని తాగాడు. అవే నీళ్ళు. మొదట ఉప్పు, మింగిన తరువాత చేదు. చెంబు గడప మీద పెడుతుంటే లోపలి నుంచి ఆమె గొంతు వినపడింది.

"అమ్మ గంగాళం గుంజుతాంది అన్నా."

మల్లయ్య పెళ్ళాం దిక్కు తిరగలేదు. కాని అరుగు మీద అతని వేళ్ళు గచ్చును గీకడం మొదలుపెట్టాయి.

వెంకటరాజం ఇంకా ఏమైనా అంటాడేమోనని అందరూ చూశారు. అతను వెనక్కి తిరిగాడు. వీధి దాటుతూనే అంగీ విప్పాడు. దాన్ని తలుపు గుంజకు తగిలించి, చెప్పులు అక్కడే వదిలి, గంగాళానికి చెయ్యి వేశాడు.

*

నలుగురే పరిచారు.

తండ్రీ కొడుకులు పడుగు మోశారు. సుగుణమ్మ కొంగు బిగించి నడుమ కర్రల మీద దాన్ని విప్పుకుంటూ పోయింది. రెండుసార్లు జారింది. రెండోసారి ఆమె మోకాళ్ళ మీద పడి, పడుగును మాత్రం నేలకు తాకనివ్వలేదు. లేచి మోచేతి రక్తం చూసుకోలేదు.

ఉత్తరం కొస దగ్గర చిక్కు వచ్చింది. అక్కడ వాడ మొత్తానికీ ఒక గుంజ ఉండేది. పడుగు కొస తాడు దానికే కట్టేవాళ్ళు. మొన్న, తీర్మానం కాకముందే, రోడ్డు కొలిచినవాళ్ళు ఆ గుంజ పెరికేసి, దాని జాగాలోనే మునిసిపాలిటీ హద్దురాయి పాతి పోయారు.

సిద్దయ్య తాడు పట్టుకుని రాయి దగ్గర నిలబడ్డాడు. చుట్టూ ఇంకేమీ లేదు.

"ఇగ దీనికే కట్టాలె," అన్నది ఉప్పలమ్మ. ముసలాయన చేతిలోంచి తాడు తీసుకుని, రాయికి రెండు చుట్లు తిప్పి తానే ముడి వేసింది. నున్నటి రాయి. బిగుసుకున్నట్టే ఉండి ముడి పైకి జారుతోంది. అందుకని రాయి పక్కనే కూలబడి ముడిని పట్టుకుని కూర్చుంది. కూర్చుంటే ఆమె నడుము మామూలు మనిషి నడుములాగే కనపడింది.

సిద్దయ్య ఒక పక్క కుంచె పట్టాడు. రెండో కుంచె కర్ర మీద పెట్టి, అవతలికి చూశాడు. వెంకటరాజం దాన్ని తీసుకున్నాడు.

తండ్రి అడుగుకు కొడుకు అడుగు కలవడానికి కొంతసేపు పట్టింది. కుంచె పట్టి ఎన్నో ఏండ్లు అయింది. మొదట నూలు మీద మరీ ఒత్తాడు. ముసలాయన తన కుంచె నెమ్మది చేశాడు. కొడుకూ నెమ్మది చేశాడు. తరువాత రెండు కుంచెలూ ఒక్క చప్పుడుతో పోయాయి, వచ్చాయి. పోగులు విడివడి మెరిశాయి. వెనకనే సుగుణమ్మ తెగిన పోగులు వెతికి అతుకుతూ వస్తోంది.

"చెయ్యి మర్వలే," అన్నాడు పడమటి అరుగు మీది ముసలివాడొకడు, ప్రత్యేకించి ఎవరితోనూ కాదు.

సగం దూరం అయింది. ఎండ పడుగుకు నాలుగు మూరల దూరానికి వచ్చింది. అప్పుడు దక్షిణం కొసన లారీ చప్పుడు వినపడింది.

*

లారీ వీధిలోకి తిరిగి, పడుగు చూసి ఆగింది. ఇంజను ఆపలేదు. వెనక బరువుకు ఒక పక్కకు ఒరిగి ఉంది. మునిసిపాలిటీ మేస్త్రీ కురుమయ్య దిగి, వీధిని, అరుగుల మీది మనుషులను చూశాడు. ఒంటి మీద అంగీ లేకుండా గంజి చేతులతో ఉన్న కౌన్సిలరును గుర్తుపట్టడానికి అతనికి కాసేపు పట్టింది.

"సాబ్," అన్నాడు. "పైపులొచ్చినయ్."

వెంకటరాజం కుంచె పట్టుకునే లారీ వెనకకు పోయాడు. నల్లటి ఇనుప పైపులు. ఒకదాని మీద ఒకటి పేర్చి గొలుసుతో కట్టి ఉన్నాయి. అతను వాటి కోసం హైదరాబాదు దాకా అర్జీలు పట్టుకుని తిరిగాడు. గోడ దుంకినవాడనిపించుకున్నాడు. వస్తాయని వాడలో నమ్మినవాళ్ళు లేరు. అతనికి కూడా ఈ మధ్య నమ్మకం తగ్గింది. అవి వచ్చి కళ్ళ ముందు ఉన్నాయి.

కురుమయ్య గొంతు తగ్గించి మిగతాది చెప్పాడు. చైర్మన్ సాబు పొద్దున్నే పంపాడు. వీధి ఆ కొసన హద్దురాయి దగ్గర దించమన్నాడు. వాడవాళ్ళు అడ్డం పడితే గొడవ పెట్టుకోవద్దన్నాడు. సీదా ధాన్యం అంగళ్ళుండే గంజిబజారుకు తీసుకుపొమ్మన్నాడు. అక్కడి మెంబరు దించుకోవడానికి మనుషులను తయారు పెట్టుకుని ఉన్నాడు.

పొద్దున పూట ఈ వీధిలో పడుగులు ఉంటాయని చైర్మన్‌కు తెలుసు. వెంకటరాజమే ఆయనకు చాలాసార్లు చెప్పాడు.

"జర సేపు ఆగు. పడుగు ఆరంగనే పోదువు," అన్నాడు.

"ఆగొద్దన్నడు సాబ్. నన్నేం జెయ్యమంటరు. నౌకరి నాది."

కురుమయ్య చెడ్డవాడు కాదు. పడుగు దిక్కు చూసి, ఇది ఎవరి ఇంటిది అని అడిగాడు. మాదే అని చెప్పింది సుగుణమ్మ.

ఉపాయం లేక కాదు. చేతులుంటే పడుగును కర్రలతో సహా ఎత్తి, తూర్పు అరుగుల పక్కకు జరపవచ్చు. పోగు తెగదు. పెండ్లి ఊరేగింపు వచ్చినప్పుడు, పాడె పోతున్నప్పుడు అట్లాగే జరుపుతారు. కర్రకొక మనిషి కావాలి. ఇక్కడ ముగ్గురున్నారు, ముడి పట్టుకున్న ఒక ముసలామె ఉంది.

వెంకటరాజం వీధి నడుమకు వచ్చాడు. వాడ అతని ఉపన్యాసం కోసం చూసింది. అతనికి మాట్లాడటం వచ్చు. మోటారుస్టాండు కాడ బస్సు ఎక్కబోయేవాళ్ళను కూడా ఆపి వినిపించినవాడు.

"జర పట్టుండ్రి," అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఎవరూ కదల్లేదు. గుర్వయ్య తన అరుగు మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోవటం లేదు.

అప్పుడు మల్లయ్య దిగాడు. పడుగు దగ్గరికి పోలేదు. బావ పక్క నుంచి నడిచి లారీ వెనకకు పోయి, ఒక పైపును వేలి ముడితో కొట్టాడు. అది గంట మాదిరి మోగింది.

"గివి మనకేనా?"

అవునని చెప్పేయవచ్చు. ఇన్నేండ్లుగా చెబుతూనే ఉన్నాడు. వెంకటరాజం నోరు తెరిచి, భార్య దిక్కు చూశాడు. ఆమె పోగు అతుకుతూ ఆగింది.

"తెల్వదు," అన్నాడు.

"నిన్న చెయ్యెత్తినప్పుడు?"

"అప్పుడు గుడ తెల్వదు. ముందుగాల పైపు రానీ, నీళ్లు ఎట్లన్న గుంజుకుందామనుకున్న. నల్లా సంగతి అడిగిన. నవ్విండు. చెయ్యెత్తొచ్చిన."

 మల్లయ్య బావను పైనుంచి కింది దాకా చూశాడు. ఇదే మాట నిన్న గుడికాడ చెప్పకపోతివి అని గొణిగాడు. గొణుగుతూనే భుజం మీది తువ్వాల తీసి నడుముకు బిగించాడు. అతను ఒక కర్ర పట్టుకునేసరికి పక్క కర్ర దగ్గర గోవిందమ్మ ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

ఒకడు బీడీ ఆర్పాడు. ఇద్దరు దిగారు. తరువాత ఇంకో ఇంటి నుంచి అత్తాకోడళ్ళు. గుర్వయ్య కళ్ళు తెరిచాడు, వద్దనలేదు, లేవనూ లేదు. కర్రకొక మనిషి నిలబడ్డాడు. వంగి చేతులు వేశారు.

"ఎత్తొద్దు."

సిద్దయ్య తన కుంచెను పడుగు మీద అడ్డంగా పెట్టాడు. నిన్నటి నుంచి మొదటిసారి కొడుకు ముఖంలోకి చూశాడు.

"రాజం. పెండ్లిపిల్లకు జరిపినం. పీనుగకు జరిపినం. అవి పోయినంక మళ్ల ఈన్నే పరిచినం. దీనికి జరిపితె మళ్ల ఏడ పరుస్తం? నువ్వు చెప్పు, నేనే ముందుగాల ఎత్తుత."

వంగినవాళ్ళు వంగినట్టే ఉండిపోయారు. మామ మాట కాదనలేక, పట్టిన కర్ర వదలలేక మల్లయ్య నేల చూశాడు. డ్రైవరు ఒకసారి హారను కొట్టాడు. కురుమయ్య చెయ్యి ఊపి ఆపాడు కాని, అతనూ లారీ ఎక్కి కూర్చున్నాడు. పడమటి దిక్కు అంచు పోగు మీద ఎండ పడింది. గంజి తడి మీద అది తెల్లగా గీత గీసినట్టు కనపడింది.

వెంకటరాజం తండ్రిని చూశాడు. పైపులను చూశాడు. ఎటు చెప్పినా ఒకటి పోతుంది. ఒకటి పోతే తిరిగి రాదు.

అతను పడుగు వెంట నడిచి హద్దురాయి దగ్గరికి పోయాడు. తల్లి ముఖం కనపడాలంటే నేల మీద కూర్చోవాలి. కూర్చున్నాడు.

"అమ్మా," అన్నాడు. "నువ్వు చెప్పు. ఏం జేద్దాం?"

ఉప్పలమ్మ కొడుకు పాదాలు చూసింది. చెప్పులు లేవు. వేళ్ళ సందున గంజి ఆరి తెల్లబడింది. తల ఎత్తగలిగినంత ఎత్తి, అతని కళ్ళ దాకా చూసింది. ఆమె వేళ్ళు మెల్లగా ముడి మీదికి పోయాయి.

విప్పుతోందో బిగిస్తోందో నిలబడి ఉన్నవాళ్ళకు కనపడలేదు. సుగుణమ్మకూ కనపడలేదు. సిద్దయ్యకూ కనపడలేదు. ఎదురుగా కూర్చున్న వెంకటరాజానికి ఒక్కడికే కనపడింది.

అతను లేచాడు. లారీ దిక్కు తిరిగి, వెనక్కి పొమ్మన్నట్టు చెయ్యి ఎత్తాడు.